ఉండకట్టిన పొర

తమ్ముడూ,

పక్కింట్లో పొగ లేస్తుంటే, చూసి కూడా చూడనట్టు తలుపేసుకుని పడుకుంటావా? జవాబు ఇప్పుడే చెప్పకు. ఉత్తరమంతా చదివి చెప్పు.

ఇక్కడ మీ బావా, పిల్లలూ, నేనూ దేవుడి దయవల్ల బాగానే ఉన్నాం. నువ్వు వేళకింత తిని కంటినిండా నిద్రపోతున్నావనే అనుకుంటున్నాను. మన ప్రార్థన కూడికకి జనం పలచబడ్డారు. నేనూ అలిసిపోయానురా. ఒకప్పుడు ప్రసంగానికి లేచి నిలబడితే మాట నిప్పులా వచ్చేది, ఇప్పుడు దగ్గొస్తోంది.

నీ పని అర్థమైందా అని అడిగావు. బైబిలు వాక్యం కూడబలుక్కుంటూ చదువు నేర్చుకున్నదాన్ని, ఇదెంత? మామూలు లిథియం బ్యాటరీలో రెండు కొనల మధ్య ఉండే ద్రవానికి నిప్పంటుకుంటుంది. దానికి బదులు నువ్వు గట్టి పొర చేస్తున్నావు. పింగాణీ పొడి ఒక్కటే అయితే పెళుసు, పాలిమర్ ఒక్కటే అయితే మెతక. అందుకని రెండూ కలుపుతావు. ప్రసంగం కూడా అంతే, గద్దింపూ జాలీ కలిస్తేనే నిలుస్తుంది. ఈసారి పొడి సరిగ్గా కలవక ఉండకట్టిందన్నావు. ఆ సందులోంచి లిథియం వెంట్రుకలా పాకి అవతలికి చేరి షార్టయిందన్నావు. "ఒక్క పొరేగా, అవతల పారేసి అంతా బాగుందని రిపోర్టులో రాసెయ్" అన్నాడట మీ ల్యాబు పెద్దాయన. ఒప్పుకోనా, మాననా అని నన్నడుగుతున్నావు.

నా అక్షరాలు వంకరపోయాయేమనీ అడిగావు. ఎడం చేత్తో రాస్తున్నానురా.

బాగానే ఉన్నామని పైన రాసింది సగమే నిజం. మైకు బ్యాటరీ ఉబ్బింది, పారెయ్యమని చెప్పావు కదా. మీ బావా చెప్పాడు. "నీ గొంతుకి మైకెందుకే, పక్క వీధివాళ్ళు కూడా మారుమనసు పొందుతున్నారు!" అన్నాడు. నేను వింటేగా! మైకు పెట్టె మూత పడకపోతే పైన బైబిలు గ్రంథం పెట్టి అదిమాను. వాక్యం బరువుకి అణుగుతుందనుకున్నాను. ప్రసంగం మధ్యలో బుస్సుమని మంట లేచింది. గ్రంథం లాగబోయి కుడిచెయ్యి కాల్చుకున్నాను. ముందు వరసలో పసిపిల్లలున్నారు. మీ బావ పెట్టెని వాకిట్లోకి తన్నకపోతే ఏమయ్యేదో!

"దేవుడు శిక్షించాడమ్మా" అందొకావిడ. కాదు. ఆయన ఉబ్బు చూపించాడు, మూత పెట్టింది నేను.

నువ్వు మూత పెట్టకు. ఆ పొర దాచావంటే కొంగున నిప్పు కట్టి ఎవరి పిల్లల మధ్యకో పంపినట్టే. ఉద్యోగం పోతే మా ఇంట్లో నీకో చాప ఉంది, మీ బావ వేళాకోళం ఉచితం.

ఇట్లు,
ఎడం చేత్తో దీవిస్తూ,
మీ అక్క

ఇంకా కూర్చునే ఉన్నావా? లే! ఆ పొర చేత పట్టుకుని ఇవాళే, ఇప్పుడే, పెద్దాయన గది తలుపు తట్టు.