నాన్న నన్ను గుర్తుపట్టారు

అన్నయ్యకు,

ఫోన్‌లో అయితే నువ్వు మధ్యలోనే అరుస్తావు, నేను మాట మింగేస్తాను. అందుకే రాస్తున్నాను. చివరిదాకా చదువు.

నాన్న వీలునామా రాసిన వారంలోనే నేను ఆయన్ని చూడడానికి వెళ్లాను. తిరిగొచ్చి, "నన్ను గుర్తుపట్టలేదన్నయ్యా" అని నీతో చెప్పాను. నాన్న పోయాక ఆ ఒక్క మాట పట్టుకుని, మతి తప్పిన మనిషి చేత పిన్ని తన పేర ఇల్లు రాయించుకుందని నువ్వు కేసు వేశావు. వకీలు గారు కాగితం ముందు పెడితే నేనూ సాక్షిగా సంతకం చేశాను.

అది అబద్ధం. నేను గుమ్మంలో అడుగు పెట్టగానే నాన్న దిండుకు ఆనుకుని లేచి కూర్చున్నారు. "మూడేళ్లకు దారి కనబడిందా బుజ్జమ్మా?" అన్నారు. పిన్ని ఆయన పాదం పుండుకు కట్టు కడుతోంది. నాకు తల కొట్టేసినట్టయింది. రెండు నిమిషాలైనా కూర్చోలేక వచ్చేశాను. ఆయన అన్న మాట నీకు చెప్పడానికి సిగ్గేసి, గుర్తుపట్టలేదన్నాను.

ఇవాళ వకీలు గారికి నిజం చెప్పేశాను. ఆయన కళ్లజోడు తీసి, "కేసంతా మీ మాట మీదే నిలబడిందమ్మా. మీ అన్నయ్యకు మీరే చెప్పుకోండి" అన్నారు. సోమవారం జడ్జి గారి ముందు కూడా ఇదే చెబుతాను.

నన్ను ఎన్ని తిట్లు తిట్టినా పడతాను. ఇల్లు ఖాళీ చేయమని పిన్నికి పంపిన నోటీసు మాత్రం వెనక్కి తీసుకో. రెండో పెళ్లి చేసుకున్నారన్న కోపంతో మనం ఆ గడప తొక్కని మూడేళ్లూ నాన్న ఎవరి చేతి ముద్ద తిన్నారో నీకూ తెలుసు.

నీ చెల్లెలు