పంతొమ్మిదో పేజీ అడుగున

సోమవారం, మార్చి 3

బట్టలు రెండు విడతలు. ఇస్త్రీ పదకొండు. వంటింటి కిటికీ అద్దాలు, లోపలి వైపు మాత్రమే. రేపటికి బీన్స్ తరిగి డబ్బాలో పెట్టాను. మంచం కింద తుడవడం మిగిలిపోయింది.

బాకీలు: పక్కింటావిడకి కత్తెర తిరిగి ఇవ్వాలి. పిల్లకి అరగంట.

అరగంట సంగతి రాయాలి. సాయంత్రం పిల్ల నాలుగు కాగితాలు పట్టుకుని వంటింట్లోకి వచ్చింది. స్కూల్లో నాటకమట. ఇద్దరే మనుషులట. రెండో మనిషి మాటలు నువ్వు చదువమ్మా, అరగంట చాలు అంది. చేతులు ఖాళీ లేవు, రేపు చూద్దాం అన్నాను. సరే, నీ పుస్తకంలో బాకీ రాసుకో అని నవ్వి పై అంతస్తుకి పరిగెత్తింది. పైన మా చెల్లెలు ఉంటుంది.

చేతులు ఖాళీ లేవన్నది నిజం కాదు. బీన్స్ అప్పటికే అయిపోయాయి.

పిల్లకి పదిహేను నిండాయి. వచ్చే రెండేళ్ళకి పరీక్ష సబ్జెక్టులు ఎంచుకోవాలట. స్కూలు వాళ్ళు ఇరవై నాలుగు పేజీల బుక్‌లెట్ ఇచ్చారు. ఫారం పద్నాలుగో తేదీ శుక్రవారం, సాయంత్రం నాలుగింటిలోగా ఇవ్వాలి.

భోజనం దగ్గర పిల్ల నోట ‘పిన్ని’ అన్న మాట: పదకొండు సార్లు. అందులో ‘పిన్ని ఏమందో తెలుసా’ అంటూ మొదలైనవి ఏడు.

మంగళవారం, మార్చి 4

మార్కెట్ నుంచి రెండు సంచులతో వచ్చాను. నాలుగు అంతస్తులూ మెట్లే ఎక్కాను. లిఫ్టు పనిచేస్తూనే ఉంది. కానీ అందులో గొంతు మా చెల్లెలిది. నాలుగో అంతస్తు, తలుపులు తెరుచుకుంటున్నాయి అంటుంది. ఏదో కంపెనీ వాళ్ళు రికార్డు చేయించుకున్నారు. ఊళ్ళో సగం లిఫ్టుల్లో అదే మాట్లాడుతుంది. కార్టూన్లో కుందేలు అదే, రేడియోలో పళ్ళపొడి అదే, ఆదివారాలు స్టేజీ మీద రాణి అదే. నా ఇంటి గుమ్మం వచ్చిందని నాకు అది చెప్పాలా? మెట్లే నయం. మోకాలి నొప్పి: ఉంది.

చిన్నప్పుడు అది ట్రంకుపెట్టె ఎక్కి నటించేది. నేను కింద కూర్చుని, కాగితం పట్టుకుని రెండో మనిషి మాటలు చదివేదాన్ని. మంత్రి నేనే, సేవకుడు నేనే, మామగారూ నేనే. చప్పట్లు మాత్రం పెట్టె మీదకే వెళ్ళేవి. ఇప్పుడు నా కూతురు కూడా కాగితాలు తెచ్చి అక్కడే కూర్చోమంటోంది.

ఇది రాస్తే సిగ్గుగా ఉంది. అయినా కొట్టేయను. ఈ పుస్తకంలో కొట్టివేతలు ఉండవు.

బుధవారం, మార్చి 5. ఉదయం 10

బుక్‌లెట్ ముందేసుకుని కూర్చున్నాను. స్కేలుతో గళ్ళు గీశాను. సబ్జెక్టులు మూడు కాలమ్స్‌గా ఇచ్చారు. ఒక్కో కాలమ్ నుంచి ఒక్కటే తీసుకోవాలి. రెండో కాలమ్‌లో డ్రామా, హయ్యర్ మ్యాథ్స్ రెండూ ఉన్నాయి. ఒకటి తీసుకుంటే రెండోది పోయినట్టే. పిల్లకి లెక్కలు బాగా వచ్చు. అది నా పోలిక. డ్రామా అంటే ప్రాణం. అది ఎవరి పోలికో రాయక్కర్లేదు.

ఉదయం 11:30

మా ఆయన కళ్ళద్దాల షాపులో పనిచేస్తారు. మా బోర్డు మీద ఆఖరి వరుస చదవగలిగేది నువ్వొక్కదానివే అని నన్ను ఏడిపిస్తుంటారు. పంతొమ్మిదో పేజీ అడుగున అలాంటి వరుసే ఒకటి కనిపించింది. చీమ తలకాయంత అక్షరాలు. రెండో కాలమ్‌లో వేరే సబ్జెక్టు తీసుకున్నవాళ్ళు హయ్యర్ మ్యాథ్స్‌ని పొద్దున ఆరూ ముప్పావు బ్యాచ్‌లో చదువుకోవచ్చు. సీట్లు ఇరవై. తల్లి లేదా తండ్రి సంతకంతో విడిగా స్లిప్పు ఇవ్వాలి, పన్నెండో తేదీ బుధవారం నాలుగింటిలోగా.

అంటే రెండూ దొరుకుతాయి.

సాయంత్రం 6

పిల్ల రాగానే చెబుదామనుకున్నాను. వస్తూనే సంచీ గుమ్మంలో పడేసి పైకి వెళ్ళిపోయింది. అమ్మా అని కూడా అనలేదు. బుక్‌లెట్ మూసి బియ్యం డబ్బా పక్కన పెట్టాను.

గురువారం, మార్చి 6

‘పిన్ని’: పద్నాలుగు. పిల్లకి అరగంట: అలాగే ఉంది.

శనివారం, మార్చి 8

చెల్లెలిని భోజనానికి పిలిచాను. పిలవకపోతే పిల్ల పైకి వెళ్ళి తింటుంది కాబట్టి.

పిల్ల స్కూలు హెడ్‌మిస్ట్రెస్‌ని అనుకరించి చూపించింది. పళ్ళ డాక్టర్ని చేసింది. ఆఖరికి లిఫ్టుని కూడా చేసింది. మూడో అంతస్తు, తలుపులు ఇరుక్కున్నాయి, ఇక మీ ఖర్మ అంది, అచ్చం పిన్ని గొంతుతో. మా ఆయనకి పొలమారింది. చెల్లెలు కళ్ళు తుడుచుకుంటూ, నా పొట్ట కొట్టేట్టున్నావే రాక్షసీ అంది. నేనూ నవ్వాను, అందరి తర్వాత.

సబ్జెక్టుల మాట వచ్చింది. పిల్ల డ్రామా అంది. హయ్యర్ మ్యాథ్స్ లేకపోతే సగం కాలేజీలు గేటు దగ్గరే వెనక్కి పంపిస్తాయి అన్నాను. రెండూ కుదరవా అని మా ఆయన అడిగారు. ముగ్గురూ నా వైపే చూశారు. నేను నీళ్ళ జగ్గు నింపడానికి లేచాను. ఒకే కాలమ్‌లో ఉన్నాయిగా అన్నాను వంటింట్లోంచి. అది అబద్ధం కాదు.

చెల్లెలు మాత్రం, పోనీ తొందరేముందక్కా, దాన్ని ఆలోచించుకోనీ అంది. ఆ నిదానం చూసి నాకు ఒళ్ళు మండింది. పిల్ల ఎటూ తన వైపే వస్తుందని దానికంత ధీమా అనుకున్నాను.

రాయాల్సింది రాస్తాను. పొద్దున బ్యాచ్ సంగతి చెబితే పిల్లకి డ్రామా దొరుకుతుంది. డ్రామా దొరికితే రెండేళ్ళపాటు సాయంత్రాలన్నీ పైనే గడుపుతుంది. ఒక్క మ్యాథ్సే అయితే ఈ టేబుల్ దగ్గర, నా పక్క కుర్చీలో ఉంటుంది. ఇంతే లెక్క.

ఆదివారం, మార్చి 9

ఇంట్లో ఎవరూ లేరు. స్టౌ ముందు నిలబడి లిఫ్టు గొంతు ప్రయత్నించాను. నాలుగో అంతస్తు అన్నాను. ఆస్పత్రిలో టోకెన్ నంబరు పిలిచినట్టు వచ్చింది. రెండోసారి ఇంకా కోపంగా వచ్చింది. మానేసి అల్మరా సర్దాను.

సోమవారం, మార్చి 10

బట్టలు ఒక విడత. స్లిప్పుకి ఇంకా రెండు రోజులు. చెప్పలేదు.

బుధవారం, మార్చి 12. సాయంత్రం 4:05

మూడింటి నుంచి గడియారం చూస్తూ ఇస్త్రీ చేస్తున్నాను. ఒకే దిండు గలీబు మూడుసార్లు చేశాను. నాలుగైంది. ఇక చెప్పినా లాభం లేదు. ప్రాణం హాయిగా ఉండాలి. లేదు.

గురువారం, మార్చి 13

పిల్ల ఫారం తెచ్చి టేబుల్ మీద పెట్టింది. హయ్యర్ మ్యాథ్స్ ఎదురుగా టిక్కు. కాగితం వెనక్కి దిగేంత గట్టిగా. సంతకం పెట్టమ్మా అంది. అంతే. ఏడవలేదు, అలగలేదు. పెట్టాను.

భోజనం దగ్గర ఎవరినీ అనుకరించలేదు. ‘పిన్ని’: సున్నా.

గెలిచాను.

శుక్రవారం, మార్చి 14. మధ్యాహ్నం 1

తొందరగా రాస్తున్నాను. బయల్దేరాలి.

పన్నెండింటికి చెల్లెలు దిగి వచ్చింది. పిల్ల పొద్దున ఫారం ఇచ్చేసిందటగా అంది. టీ పెడుతూ, పాపం, నీ శిష్యురాలు చేజారిపోయిందే అన్నాను. ఇన్నాళ్ళుగా దాచుకున్న మాట అది.

చెల్లెలు తెల్లబోయింది. శిష్యురాలేమిటక్కా, లెక్కలు వదలకే అని దాని వెంటపడి మొత్తుకున్నది నేనే కదా అంది. చదువు మధ్యలో వదిలేసి ఒక్కో నెల ఎలా నెట్టుకొస్తున్నానో నాకు తెలుసు, కుందేలు గొంతుకి పెన్షన్ ఇవ్వరు అని చెప్పిందట. పిల్ల రెండూ కావాలని మొన్న బుధవారం సాయంత్రం చెల్లెలి మంచం మీద బోర్లా పడి ఏడ్చిందట. అప్పుడు చెల్లెలు అందట: మీ అమ్మ ఆ బుక్‌లెట్ అట్ట నుంచి అట్ట దాకా చదివే ఉంటుంది. ఎక్కడైనా ఓ సందు ఉంటే ఈపాటికి నీ చేతిలో పెట్టేది. ఆవిడే చెప్పలేదంటే లేనట్టే.

పిల్ల లేచి మొహం కడుక్కుందట. అవును పిన్నీ, అమ్మ చూసిందంటే చూసినట్టే అందట. అక్కడే కూర్చుని టిక్కు పెట్టిందట.

ఇంకో మాట కూడా చెప్పింది చెల్లెలు, నవ్వుతూ. ఆ నాటకం కాగితాలు నేను చదివి పెడతానన్నా ఇవ్వలేదక్కా, అది అమ్మ బాకీ, నువ్వు ముట్టుకోకు అంది గడుసుది అని.

టీ పొంగింది. స్టౌ ఆపాను. పొంగింది తుడవలేదు.

బియ్యం డబ్బా పక్క నుంచి బుక్‌లెట్ తీసి పంతొమ్మిదో పేజీ తెరిచి దాని చేతిలో పెట్టాను. అది కళ్ళకి దగ్గరగా పెట్టుకుని చదివింది. తర్వాత నా మొహం చూసింది. తిడుతుందనుకున్నాను. చెప్పులేసుకో, నేనూ వస్తాను అంది.

అదే రోజు, సాయంత్రం 5:30

మెట్ల వైపు వెళ్తుంటే చెల్లెలు చెయ్యి పట్టుకుని లిఫ్టులోకి లాగింది. ఇద్దరం పక్కపక్కన నిలబడ్డాం. అది నోరు తెరవలేదు. దాని గొంతే పైనుంచి అన్ని అంతస్తులూ చదివింది. చివరికి, తలుపులు తెరుచుకుంటున్నాయి అంది.

స్కూలు ఆఫీసులో క్లర్కు ఉంది, నా వయసే ఉంటుంది. బ్యాచ్ గడువు మొన్ననే అయిపోయిందమ్మా అంది. సీట్లు మిగిలాయా అని అడిగాను. ఒక్కటుంది, కానీ గడువంటే గడువే కదండీ అంది. తర్వాత జాలి కలిగినట్టుంది. ఆలస్యానికి కారణం రాసివ్వండి, హెడ్‌మిస్ట్రెస్ ముందు పెడతాను, సీటిస్తే ఫారంలో టిక్కు డ్రామాకి మారుస్తాం, లేకపోతే ఉన్నదే ఉంటుంది అంది. కాగితం నా వైపు జరుపుతూ, జ్వరమని రాసేయండి, అందరూ అదే రాస్తారు అని మెల్లిగా చెప్పింది.

ఇరవై రెండేళ్ళుగా ఈ పుస్తకంలో ఒక్క తప్పుడు ఎంట్రీ లేదు. పెన్ను తీసుకుని రాశాను. ‘బ్యాచ్ వివరం మార్చి 5న చదివాను. నా కూతురికి చెప్పలేదు. కారణం నా అసూయ. ఇందులో పిల్ల తప్పు లేదు.’

క్లర్కు చదివింది. కళ్ళజోడు సర్దుకుని మళ్ళీ చదివింది. విద్యార్థి సంతకం కూడా కావాలండీ అంది. ఆ మాట చెప్పడం ఆవిడకీ కష్టంగానే ఉంది.

క్లాసులోంచి పిల్లని పిలిపించారు. నిలబడే చదివింది. దాని మొహం ఎన్ని రకాలుగా మారగలదో నాకు తెలుసు. ఏ రకంగానూ మారలేదు. సంతకం పెట్టింది. పెన్నుకి మూత పెట్టింది. క్లర్కుకి థాంక్స్ చెప్పి వెళ్ళిపోయింది.

చెల్లెలు గేటు దగ్గర నిలబడి ఉంది. ఏం రాశావని అడిగింది. చెప్పాను. ఎవరి మీద అసూయో రాయలేదా అంది. చోటు సరిపోలేదు అన్నాను. అయ్యో, నా పేరు పడే ఛాన్సు పోయిందే అంది. బస్సు ఎక్కేదాకా నా చెయ్యి వదల్లేదు.

ఆదివారం, మార్చి 16

‘పిన్ని’: సున్నా. ‘అమ్మా’: సున్నా.

మా ఆయనకి అంతా చెప్పాను. చాలాసేపు తన అద్దాలు తుడుచుకున్నారు. ఎంత చిన్న అక్షరమైనా నీకు కనిపిస్తుందని నలుగురికీ గొప్పగా చెప్పుకుంటానే అన్నారు. తిట్టి ఉంటే బాగుండేది.

మంచం కింద తుడిచాను. రెండుసార్లు.

మంగళవారం, మార్చి 18

స్కూలు నుంచి ఉత్తరం వచ్చింది. సీటు ఇచ్చారు, ఇరవయ్యోది. డ్రామా, హయ్యర్ మ్యాథ్స్ రెండూ.

పిల్ల ఉత్తరం చదివి, గోడతో మాట్లాడుతున్నట్టు, పొద్దున్నే ఐదింటికి ఎవరు లేపుతారు అంది. నేను లేపుతాను అన్నాను. రోజూనా అంది. రెండేళ్ళూ అన్నాను. రాసుకో అంది. ఈసారి నవ్వలేదు.

చెల్లెలికి చెప్పడానికి పైకి వెళ్ళి పది నిమిషాల్లో దిగి వచ్చింది. నేను టైము చూడలేదు. గడియారం ఎదురుగా ఉంది కాబట్టి తెలిసింది.

గురువారం, మార్చి 20

కాగితాలు తెచ్చింది. నేను కింద కూర్చోబోయాను. అక్కడ కాదు, ఎదురుగా నిలబడు, ఆ మనిషి నిలబడే అడుగుతాడు అంది. నిలబడ్డాను. మూడో పేజీలో నా గొంతు పెద్దదైంది. పైనుంచి చెల్లెలు నేల తట్టింది. మేము ఆపలేదు.

పక్కింటావిడ కత్తెర: ఇచ్చేశాను.
పిల్లకి అరగంట: తీరింది.