ఆ ఛీ ఎవరికి?

యడ్లపాడు,
నవంబరు 4.

పేట సకల కళా సేవా సమితి కార్యదర్శి గారికి,

లక్ష్మీదుర్గ నమస్కారాలు. మొన్న ఆదివారం చిలకలూరిపేటలో మీ సమితి పెట్టిన బీట్‌బాక్స్ బ్యాటిల్‌లో ఫస్టు వచ్చింది నేనేనండి. నోటితోనే డ్రమ్ములు వాయించిన అమ్మాయిని. అప్పుడు మీరు ముందు వరసలో కూర్చుని చెవుల్లో దూది పెట్టుకుంటున్నారు.

రెండో బహుమతి టిఫిన్ బాక్సు, మొదటి బహుమతి స్టీలు వాటర్ బాటిలు ఇచ్చారు. ఇదేంటండీ అని అడిగితే, "పోటీ పేరే బాక్సూ, బాటిలూ కదమ్మా" అన్నారు మీ కోశాధికారి. బ్యాటిల్ అంటే యుద్ధమండి బాబూ! పోనీలెండి, నీళ్లు తాగుతాను.

నాకు కావలసింది మీ సిఫార్సు ఉత్తరం. డిసెంబరు 15న విజయవాడలో రాష్ట్ర స్థాయి పోటీ ఉంది. ఊళ్లో గెలిచినవాళ్లని, పోటీ పెట్టిన సమితే సీలు వేసి పంపాలట. అది డిసెంబరు 5 లోపు అందాలి. నేను పత్తి జిన్నింగ్ మిల్లులో తూకాల దగ్గర పని చేస్తాను. ఆ మిషన్ల హోరులో ఎవరికీ వినపడకుండా మూడేళ్లు సాధన చేశాను. ఒకసారి ఇంట్లో చేస్తే, ఆయాసం అనుకుని మా అమ్మ నన్ను ఆసుపత్రికి లాక్కెళ్లింది. ఈ అవకాశం పోతే నేను తట్టుకోలేనండి.

ఇట్లు,
బాటిలు గెలిచిన,
లక్ష్మీదుర్గ.

తా.క.: వాట్సాప్‌లో అడిగితే, "సమితి వ్యవహారాలు పోస్టులోనే" అని జవాబిచ్చారు. స్టాంపు అడిగితే పోస్టాఫీసువాళ్లే, "దేనికమ్మా?" అన్నారు.


చిలకలూరిపేట,
నవంబరు 9.

చి. లక్ష్మీదుర్గకు ఆశీస్సులు.

నీ ఉత్తరం అందినది. ఈ పోటీ కుర్రవాళ్ల పోరు పడలేక పెట్టాం గానీ, అది కళ అని కాదు. నోటితో చప్పుడు చేయడమే కళ అయితే, మా ఆవిడ పెట్టే తిరగమోత కూడా కచేరీయే. ముప్పై ఏళ్లుగా ఈ సమితిలో హరికథలు చెప్పించాను, పౌరాణిక నాటకాలు ఆడించాను. చివరికి ఇది కూడా చూడవలసి వచ్చింది.

అయినా నిబంధన నిబంధనే. సిఫార్సు కోరువారు తాము ప్రదర్శించిన అంశపు సాహిత్యమును, అర్థతాత్పర్యములతో సహా, మూడు ప్రతులు సమర్పించవలెను. అందులో పెద్దమనుషులను కించపరచు మాటలు ఉండరాదు.

ఇట్లు ఆశీర్వదించు,
పిచ్చయ్య,
గౌరవ కార్యదర్శి.

తా.క.: చెవుల్లో దూది పెట్టుకున్నది చలికి.


యడ్లపాడు,
నవంబరు 14.

పిచ్చయ్య గారికి నమస్కారాలు.

దీనికి సాహిత్యం ఉండదండి, అన్నీ చప్పుళ్లే. అయినా అడిగారు కదా అని, నా రికార్డింగు ఆపి ఆపి వింటూ వినపడింది వినపడినట్టు రాశాను.

పిచ్చ పిచ్చ ఛీ, పిచ్చ పిచ్చ ఛీ,
థూ థూ ఫో, పిచ్చ ఛీ!

అర్థం: పిచ్చ అంటే పెద్ద డ్రమ్ము మీద దెబ్బ. ఛీ అంటే తాళాలు. థూ అంటే చిన్న డ్రమ్ము. ఫో అంటే గాలి వదలడం. తాత్పర్యం: ఏమీ లేదు.

మూడు ప్రతులూ చేత్తోనే రాశాను. దయచేసి తొందరగా సీలు వేయండి.

ఇట్లు,
చెయ్యి నొప్పితో,
లక్ష్మీదుర్గ.

తా.క.: చలికా? ఆ రోజు మీరు మీ శాలువాతోనే విసురుకుంటున్నారు!


చిలకలూరిపేట,
నవంబరు 20.

లక్ష్మీదుర్గకు,

ఆశీస్సులు ఈసారి లేవు.

నీ సాహిత్యం చూసి అత్యవసర సమావేశం పిలిచాను. సమితి మొత్తానికి పిచ్చయ్య ఒక్కడే, అది నేను. నన్ను పట్టుకుని ఛీ అన్నావు. థూ అన్నావు, అదీ రెండుసార్లు! ఆఖరికి ఫో అని గెంటావు. నాలుగు వందల మంది ముందు, నేను దగ్గరుండి వేయించిన స్టేజీ మీద! ఇది తెలియక నీకు చప్పట్లు కూడా కొట్టానే! పైగా అదే తిట్టు మూడు ప్రతులు తీసి పంపావు. నా అరవై ఎనిమిదేళ్ల బతుకులో నన్నింత మాట అన్నవాళ్లు లేరు, మా ఆవిడ తప్ప.

ప్రతి అక్షరమూ మర్యాదగా మార్చి పంపితేనే సీలు పడుతుంది. లేకపోతే విజయవాడ మాట మరిచిపో.

ఇట్లు,
అవమానభారంతో,
పిచ్చయ్య.

తా.క.: మా ఉపాధ్యక్షుడు వెంకయ్య నీ సాహిత్యాన్ని సభలో మూడుసార్లు చదివించుకున్నాడు. ఎందుకో చెప్పమంటే చెప్పడు.


యడ్లపాడు,
నవంబరు 24.

పిచ్చయ్య గారికి,

అయ్యా, పోటీ రోజున మీ పేరేమిటో నాకు తెలియనే తెలియదు. డ్రమ్ము చప్పుడులో మీ పేరు వినపడిందంటే, రేపు మీ ఇంట్లో కుక్కరు కూత పెట్టినా దాని మీద అత్యవసర సమావేశం పిలుస్తారా? మా మిల్లు పొద్దస్తమానం థూ థూ అంటూనే ఉంటుంది. దానికీ ఒక నోటీసు పంపించండి, మా మేనేజరు గారు దాన్ని ఫ్రేము కట్టించుకుంటారు.

ఇంకా చాలా రాయగలను. కానీ గడువు పది రోజులే ఉంది, నేను విజయవాడ వెళ్లి తీరాలి. అందుకని రోషం దిగమింగుకుని ఇలా మార్చాను.

శ్రీ పిచ్చయ్య, శ్రీ పిచ్చయ్య,
దయ దయ రండి, శ్రీ పిచ్చయ్య గారూ!

ఛీ తీసేసి శ్రీ పెట్టాను. థూ బదులు దయ. ఫో అన్నచోట రండి. ఇంతకన్నా మర్యాద నా నోట్లో పట్టదు.

ఇట్లు,
మర్యాదస్తురాలు,
లక్ష్మీదుర్గ.

తా.క.: స్పీడు పెరిగినప్పుడు శ్రీ ఎలా వినపడుతుందో నా పూచీ కాదు. ముందే రాసిస్తున్నాను.


చిలకలూరిపేట,
నవంబరు 29.

చి. లక్ష్మీదుర్గకు శుభాశీస్సులు.

ఇదమ్మా కళ అంటే! చదువుతుంటే కళ్లు చెమర్చాయి. మా ఆవిడకి వినిపించాను. "మీ గురించేనా?" అని ఒకటికి రెండుసార్లు అడిగింది.

సిఫార్సు ఉత్తరం విజయవాడకి రిజిస్టరు పోస్టులో పంపాను, సీలు రెండుచోట్ల వేశాను. ఆమోదించిన సాహిత్యంలో ఒక్క అక్షరం కూడా మార్చరాదు.

ఇట్లు,
నీ శ్రేయోభిలాషి,
పిచ్చయ్య.

తా.క.: శ్రీ అన్నచోట మైకు బాగా దగ్గరగా పెట్టుకో.


విజయవాడ,
డిసెంబరు 16.

పిచ్చయ్య గారికి,

గెలిచానండి! రాష్ట్రం మొత్తం మీద ఫస్టు! ఈసారి కప్పు ఇచ్చారు.

మీరు ఆమోదించిన సాహిత్యంలో ఒక్క అక్షరం మార్చలేదు. మైకు కూడా మీరన్నట్టే దగ్గరగా పెట్టుకున్నాను. ఫైనల్లో స్పీడు పెంచేసరికి శ్రీ కాస్తా జారిపోయింది. రెండు వేల మంది లేచి నిలబడి "ఛీ పిచ్చయ్య గారూ! ఛీ పిచ్చయ్య గారూ!" అని ఒకటే అరుపులు. నాతో పోటీకొచ్చిన ఒంగోలు అబ్బాయి తన వంతు మర్చిపోయి వాళ్లతో కలిసి అరిచాడు. మా అమ్మ వెంకటేశ్వరమ్మ ఏడ్చేసింది. నాది ఆయాసం కాదని ఇప్పటికి నమ్మింది.

మీకు క్షమాపణ రాద్దామనే కూర్చున్నాను. పెన్ను కదలడం లేదు. నెల రోజులు నన్ను ఏడిపించారు కదండీ.

ఇట్లు,
విజేత,
లక్ష్మీదుర్గ.

తా.క.: ఎవరో వీడియో పెట్టారట. మీరు చూడకపోతేనే మంచిది.


చిలకలూరిపేట,
డిసెంబరు 26.

మహారాజశ్రీ లక్ష్మీదుర్గ గారి సముఖమునకు,

పిచ్చయ్య నమస్కరించి వ్రాయునది.

వీడియో చూశానమ్మా. పది లక్షల మంది చూశారట. సిగ్గుతో రెండు రోజులు తలుపులు వేసుకుని కూర్చున్నాను. మూడో రోజు ధైర్యం చేసి బజారుకి వెళితే, నా వంక చూసినవాడు లేడు! ఇక్కడే పండరీపురంలో ఎరువుల కొట్టు పిచ్చయ్య, "ఆ పిచ్చయ్యని నేనే" అని ఇరవై అడుగుల ఫ్లెక్సీ కట్టించాడు. కాలేజీ పిల్లలు వాడి మెడలో దండ వేసి, మొహం మీదే ఛీ అని, సెల్ఫీలు దిగుతున్నారు. వాడు పళ్లికిలిస్తున్నాడు. నరసరావుపేట నుంచి ఇంకో పిచ్చయ్య బయలుదేరాడని విన్నాను.

అది నేనేనయ్యా అంటే ఎవరూ నమ్మరు. మా వెంకయ్య అయితే, "నీకంత సీను లేదులే" అన్నాడు. నాకు నిద్ర పట్టడం లేదు. తిట్లు తిన్నది నేను, దండలు వాడికా?

కాబట్టి తమరు దయచేసి, ఆ తిట్టు నాకే చెందుతుందనీ, దానిలో మరే పిచ్చయ్యకూ వాటా లేదనీ, సంతకం చేసి ఒక ధ్రువపత్రం పంపవలెను. దాన్ని అచ్చు వేయడానికి ఫ్లెక్సీలు వేసేవాణ్ని మా అరుగు మీద కూర్చోబెట్టి ఉంచాను.

ఇట్లు,
అసలు పిచ్చయ్య.

తా.క.: అందులో శ్రీ అని రాయవద్దు. జనం అంటున్నట్టే రాయండి.