అత్తగారి కుండ

అపొండి వాళ్ళమ్మకి,

ఇక్కడ నేనూ, మన అపొండీ, మేకలూ క్షేమం. రెండు కోళ్ళలో ఒకటి క్షేమం. రెండోదాని సంగతి అడక్కు, రుచిగానే ఉంది. మొంబాసా ఉక్కలో ఎవరి వంటింట్లోనో నువ్వూ మాడిపోకుండా ఉన్నావని తలుస్తాను.

అడిగినవాటికి చెబుతాను. పొద్దునా సాయంత్రం ఇన్సులిన్ సూది తప్పడం లేదు. పన్నెండేళ్ళ పిల్ల తనే పొడుచుకుంటోంది, మొహం తిప్పుకునేది నేను. బళ్ళో ఎవడో "షుగరు పిల్లా" అని ఏడిపిస్తే, "నాకి చూడు, పళ్ళు రాలతాయి" అందట. నోరు నా పోలికే, ఏం చేస్తాం. ఊళ్ళో ఎవరి చావింటికి వెళ్ళినా అందరితోపాటే కూర్చుని మొక్కజొన్న ఉగాలీ ముద్ద తింటుంది, తియ్యటి టీ మాత్రం పక్కకి తోసేస్తుంది. బంతాట మాన్పించమన్నావు. గోలు ముందు నిలబడ్డప్పుడు దాని మొహం చూస్తే నువ్వూ మాన్పించలేవు.

ఇక కుండ సంగతి. మా అమ్మ పోయి మూడేళ్ళయినా తన కుండలోంచి మాట్లాడుతోందని పెరెజ్ వదిన నీకు ఫోన్ చేసిందట. ఆ గొంతు నాదే. ఆవిడ దాహమేసి, పాత అలవాటుకొద్దీ అమ్మ మంచినీళ్ళ కుండలో చెయ్యి పెట్టింది. నీళ్ళ బదులు తడి ఇసక, అందులో చల్లగా దాచిన మందు సీసా. ఇదేదోలే అని తీసి కిటికీలో ఎండన పెట్టి పోయింది. మందంతా పాడు. ఆసుపత్రిలో మళ్ళీ దొరికేదాకా నాకు ప్రాణం నిలవలేదు. చెబితే వినే మనిషా? మర్నాడు వస్తుంటే గోడ వెనక నక్కి, బొప్పాయి ఆకు కాడ గొట్టంలోంచి అమ్మ గొంతుతో మాట్లాడాను.

"ఎవత్తివే నా కుండ ముట్టుకుంది?"

"నేను కాదత్తా, నేను కాదు!" అంటూ వదిన చెప్పులొదిలేసి పరిగెత్తింది. చెప్పులు నీ కొలతే, దాచాను. ఆ తర్వాత కుండ జోలికి ఎవరూ రాలేదు.

నవ్వావా? ఇక కూర్చుని చదువు.

మొన్న మిట్టమధ్యాహ్నం పిల్ల ఆటనుంచి వచ్చి, తర్వాత తింటానని లోపల పడుకుంది. నేను చూరు కింద వల బాగుచేస్తున్నాను. గాలి లేదు. ఉన్న ఒక్క కోడీ అరవడం మానేసింది. కుండ ఉన్న మూలనుంచి అమ్మ గొంతు వినిపించింది.

"ఒవీతీ, అది నిద్ర కాదురా."

పిల్ల నా విద్య పట్టేసిందని పొంగిపోయాను. "బాగుందే! ఇంకాస్త ముక్కుతో అను," అన్నాను.

"నవ్వింది చాలు. చక్కెర పెట్టు."

గొట్టం ఎప్పుడు తీసుకుందా అని తలెత్తాను. నా నెత్తిమీద చూర్లోనే ఉంది, ఎండి, చీలి.

లోపల పిల్ల ఒళ్ళంతా చల్లటి చెమట. కళ్ళు తెరిచే ఉన్నాయి, నన్ను చూడటం లేదు. పిలిస్తే పలకలేదు. పక్కకి తిప్పి, చెంప లోపల చక్కెర రుద్దుతూ కూర్చున్నాను. చివరికి, "నాన్నా, చెయ్యి తియ్యి, చేపల కంపు," అంది. ఆ మాటకి ఏడ్చాను. పెరెజ్‌కి చెప్పావంటే చంపుతాను.

సూది పొడుచుకుని తినకుండా ఆడితే ఒంట్లో చక్కెర పడిపోతుందట, ఇకనుంచి తినే ఆటకి వెళుతుంది. జేబులో చక్కెర పొట్లం ఉంటుంది. పడిపోతే ఏం చెయ్యాలో జట్టులో అవీనోకి నేర్పాను. ఆట మాత్రం మానదు. గొట్టాన్ని పొయ్యిలో పెట్టాను.

ఇంకొకటి రాయకూడదనుకున్నాను. చక్కెర రుద్దుతున్నప్పుడు వెనకనుంచి గొంతు మళ్ళీ వచ్చింది, మెల్లగా, అలిగినట్టు.

"నీ పెళ్ళాం ముక్కుపొడుం తెస్తానంది. నీలం డబ్బాలో. ఇంతవరకూ తేలేదు."

నువ్వు అమ్మకి అలాంటి మాట ఇచ్చినట్టు నాకు తెలియదు. పిల్లకీ తెలియదట. ఇవ్వలేదని ఒక్క ముక్క రాయి, నిద్రపోతాను. ఇచ్చి ఉంటే ఏమీ రాయకు. నీలం డబ్బా కొనుక్కుని వచ్చెయ్యి.

ఇట్లు,
కుండకి ఎదురుగా కూర్చుని రాస్తున్న
నీ పిల్ల తండ్రి,
ఒవీతి