కొంచెమే మలేరియా

చెల్లీ సొంబారీ,

నిన్ను చంపిన మాట మొన్న మళ్లీ విన్నాను. పక్కింటి పిల్లగుంటకి జ్వరమొస్తే ఆసుపత్రికి తీసుకెళ్లాం. వేలి రక్తం చూసి, "మలేరియా కొంచెమే ఉందమ్మా, మాత్రలేసి ఇంటికి తీసుకుపోండి" అన్నారు. ఆ గుంటేమో తన పేరడిగితే చెప్పలేకపోతోంది.

నాకు ఒళ్లు మండిపోయింది. "కొంచెమేటి బాబూ? మా సెల్లికీ కొంచెమే అన్నారు. పడుకున్నది మళ్లీ నెగనేదు!" అని గుమ్మానికి అడ్డంగా కూర్చున్నాను.

కొత్త డాక్టరమ్మ పరుగున వచ్చింది. మలేరియా పట్టిన రక్తకణాలు మెదడులోని సన్నటి నాళాలకు పనస బంకలా అంటుకుపోతాయట. అందుకే రోగం ముదిరినా వేలి రక్తంలో కొన్నే కనబడొచ్చట. చేతులకు నూనె రాసుకోనిదే పనసకాయ ముట్టని నీకు, ఈ బంక సంగతి ఒక్కరూ చెప్పలేదే! వాళ్ల నోళ్లు పడిపోయాయా?

గుంటకి ఇంజెక్షన్ ఇచ్చి, అంబులెన్సులో పాడేరు పెద్దాసుపత్రికి పంపించింది.

ఇవాళ వాళ్లమ్మ ఫోన్ చేసింది. "అక్కా, గుంట కళ్లు తెరిసింది. పేరు సెప్పింది" అని ఒకటే ఏడుపు.

నాకు సంతోషంగానే ఉంది సొంబారీ. కొంచెమే.

మీ అక్క