ఐసులో పెట్టిన ప్లేట్‌లెట్లు

సిద్దిపేట.

చిరంజీవి హర్షిణికి అమ్మ దీవించి రాయునది. ఇక్కడ నేను, తాత బాగానే ఉన్నామని రాయాలి కాబట్టి రాస్తున్నాను. మీ బాపు పోయినప్పటి నుంచి నిద్ర మాత్రం సరిగా పట్టడం లేదు. హాస్టల్ కూర బాగాలేదని నువ్వు పస్తులుండకు. పచ్చడి అయిపోతే చెప్పు, పంపిస్తాను.

నర్సింగు క్లాసులో ప్లేట్‌లెట్లను చల్లబెట్టకూడదని చెప్పారని, బాపుకు ఎలా తెచ్చాడో తాతను అడగమని రాశావు. ఫోన్లో చెబుదామంటే తాత పక్కనే ఉంటాడు. అందుకే ఈ ఉత్తరం.

తాత ఉద్యోగమంతా పశువుల దవాఖానలోనే గడిచింది కదా. టీకా మందును ఐసు డబ్బాలో పెట్టుకుని సైకిలు మీద ఊరూరా తిరిగిన మనిషి. ఆ రోజు డెంగీ ముదిరి బాపు చిగుళ్ల నుంచి రక్తం కారుతుంటే, తనే బ్లడ్ బ్యాంకుకు ఉరికాడు. అక్కడ ప్లేట్‌లెట్లను ఫ్రిజ్‌లో పెట్టరట, ఊగే మిషన్ మీద ఉంచుతారట. "ఐసు పెట్టకు తాతా, గిట్లనే జల్ది తీస్కపో" అని అక్కడి అబ్బాయి చెప్పాడట. తాత వింటాడా? జ్యూసు బండి దగ్గర ఐసు కొని, ప్లేట్‌లెట్ల సంచి చుట్టూ నింపి తెచ్చాడు. "పోరనికేం తెల్వది, గీ ఉక్కకు ఖరాబైతుండె" అని దవాఖానలో అందరికీ గొప్పగా చెప్పాడు.

డాక్టరు నన్ను పక్కకు పిలిచి "ఇవి పనికిరావమ్మా" అన్నారు. జ్వరాల కాలం, బ్లడ్ బ్యాంకులో బాపు గ్రూపుకు ఇంకో సంచి లేదు. హైదరాబాదు నుంచి తెప్పించేలోపే బాపు పోయాడు. ఎక్కించినా బతికేవాడని చెప్పలేమన్నారు డాక్టరు. ఆ మాటే పట్టుకుని ఉన్నాను.

నీకు చెప్పనిది ఇంకొకటి ఉంది. బాపు ఇంకా ఊపిరి తీస్తుండగానే తాత నన్ను "ఎక్కిచ్చిన్రా బిడ్డా?" అని అడిగాడు. "ఎక్కిచ్చిన్రు మామా" అన్నాను. ఆ ముసలాయన మొహం చూస్తే నిజం నోట రాలేదు. కోపం లేదనుకోకు, చాలా ఉంది. ఒక రోజు అన్నం పెడుతూ చెప్పేద్దామనుకున్నాను. అంతలో ఆయనే "నా చేతులతోని తెచ్చిన బిడ్డా, నా కొడుక్కు గదొక్కటన్న చేసిన" అని ఏడ్చాడు. గిన్నె అక్కడే పెట్టి బయటికి వచ్చేశాను.

సెలవులకు వస్తే నీకూ చెబుతాడు. ఐసు ఎంత వేశాడో, పైన తువ్వాల ఎలా కప్పాడో అన్నీ చెబుతాడు. చదువుకుంటున్నదానివి, మాట నాలుక దాకా వస్తుంది. మింగు బిడ్డా. "మంచిగ తెచ్చినవ్ తాతా" అను. నేను రోజూ అంటున్నాను.

ఇట్లు,
మీ అమ్మ,
స్వర్ణ.