వాగు ఒడ్డున ఓక్ చెట్టు

1524 సెప్టెంబరు 9
నాన్న అడవిని చూసి సిరాతో గీసిన బొమ్మ తెచ్చారు. రంగులు వేయడం నా పని. ఇది కోర్టు అడిగిన బొమ్మ. వాగు ఎడమగట్టు మఠానిదా, ఊరిదా తేల్చాలట. ఊరిదైతేనే పందులను అక్కడ ఓక్ కాయలకు తోలుకోవచ్చు. కాదంటే ఊరికి చలికాలం గడవదు.
బొమ్మలో ఒక్క మనిషీ లేడు. చర్చి బొమ్మల్లోలా కనీసం ఒక సాధువైనా ఉండొద్దా అన్నాను. "జడ్జిగారికి సాధువుతో ఏం పనే? చెట్లు చాలు" అన్నారు నాన్న.

సెప్టెంబరు 20
పందులు కాసే ఒట్టిలియా వచ్చి బొమ్మ చూసి ఎగిరి గంతేసింది. "అదిగో ఎడమగట్టున మా హద్దు చెట్టు! అది ఉన్నదాకా ఆ గట్టు మా ఊరిదే! మోచేయిలా వంగిన ఆ కొమ్మ చూడవే పిల్లా!" అని నా చేతులు ముద్దు పెట్టుకుంది. చేతులకు ఆకుపచ్చ రంగు ఉందన్నా వినలేదు.

అక్టోబరు 2
మఠం పెత్తందారు కోర్టు మనుషులను వాగు దగ్గరికి తీసుకెళ్ళాడట. ఎడమగట్టున చెట్టే లేదట. "అపొలోనియా గీసిన చెట్టుకే కాయలు కాయించుకోండి" అని నా పేరెత్తి ఊరివాళ్ళను ఎగతాళి చేశాడట.
నాన్నను అడిగాను. "అడవిలో ఎన్నో చెట్లు, ఏదని గుర్తుంటుంది? ఖాళీ కనబడితే చెట్టు నాటే బుద్ధి నీదేగా" అన్నారు. నిజమే. మూల బోసిగా ఉంటే నేను ఊరుకోలేను. పోయినేడు ఒక బొమ్మలో లేని కొండ పెట్టి చీవాట్లు తిన్నాను.
కానీ ఈ చెట్టు? వేసినట్టే ఉంది, వేయనట్టూ ఉంది. గీత కాసేపు నాన్నదిలా, కాసేపు నాదిలా కనిపిస్తోంది. నాకు గీత నేర్పింది ఆయనే మరి.

అక్టోబరు 3
ఇంకా తెలియడం లేదు.

అక్టోబరు 8
కోర్టులో సువార్త గ్రంథం మీద నా చెయ్యి పెట్టించి ప్రమాణం చేయించారు. చెట్టు ఎవరు వేశారని అడిగారు. అక్కడ చెట్టు లేదని కళ్ళారా చూసినవాళ్ళు చెబుతుంటే నేను కాక ఇంకెవరు? "నేనే" అన్నాను. ఎడమగట్టు మఠానికి పోయింది.
బయట ఒట్టిలియా, "మా మామ దాని నీడనే పోయాడు. ఆ నీడ కూడా నువ్వే వేశావా తల్లీ?" అంది. సిగ్గుతో చచ్చిపోయాను.

అక్టోబరు 14
మనసు ఆగక వాగు దగ్గరికి వెళ్ళాను. ఎడమగట్టున ఒక్కచోటే ఎండాకులు కుప్ప పోసి ఉన్నాయి. కాలితో తోశాను. కింద నరికిన చెట్టు మొదలు. పొదల్లో మోచేయిలా వంగిన కొమ్మ.

అక్టోబరు 15
కొమ్మ కోర్టుకు మోసుకెళ్ళాను. "నువ్వే గీశానన్నావుగా? గీసిన చెట్టుకు కొమ్మెక్కడిదమ్మా?" అని గుమాస్తా నవ్వాడు.
కొమ్మకు ఇంకా కాయలున్నాయి. ఒట్టిలియా పందుల కోసం కోస్తున్నాను.